డబ్బాలపై చెరగని పేళ్లు

మన ఇండ్లలో పాత్రలపై పేళ్లు కొట్టించు వాడుక చిరకాలముగా నున్నది. పెండ్లికి పెట్టిన యిత్తడి బిందెపైనను, గృహప్రవేశమునకు వచ్చిన స్టీలు గిన్నెపైనను ఇచ్చినవారి పేరో, పుచ్చుకొన్నవారి పేరో, తేదీతో గూడ చెక్కించి యుందురు. పాత్రల యంగడిలో గరగరమని చెక్కిన యా యక్షరములు ముప్పది యేండ్లు తోమినను చెరగవు. కాని యా పేరు పాత్ర యెవరిదో చెప్పునే కాని, పాత్రలో నేమున్నదో చెప్పదు. లోని వస్తువును చెప్పు పేరు వేరు విధమైనది. అది ఉన్నన్నాళ్లు నీటికిని, నూనెకును, తడిచేతికిని ఓర్చుకొనవలెను. డబ్బాలోని సరుకు మారినప్పుడు తానును తొలగిపోవలెను. అట్టి పేళ్లను వినైలు రేకులపై ఇంటనే ముద్రించి యంటించు పద్ధతిని మేము కొన్ని నెలలుగా నడుపుచున్నాము. పని చిన్నదే యైనను అందులో తెలిసికొనవలసిన మెలకువలు పెక్కు గలవు. వానిని సోదరీమణులకు తెలుపుటకే యీ వ్రాత.

మాకిది వేడుకకై పుట్టిన పని కాదు. మా యింటివారు బడిపంతులు. బదిలీ యుత్తరువు వచ్చినప్పుడెల్ల సామాను కట్టుకొని కదలవలసినవారము. పోయిన వేసవిలో కడపజిల్లాలోని యొక పల్లెనుండి ప్రొద్దుటూరునకు వచ్చితిమి. మా యత్తగారికి డెబ్బదియారేండ్లు. ఆమెకు మధుమేహమువలన కంటి వెనుకపొర చెడినది. శుక్లములు తీయించిన పిదపకూడ చూపు పూర్తిగా మరలలేదు. అయినను పల్లెలోని వంటింట ఆమెకు చూపుతో పని లేకుండెను. పై యరలో ఎడమనుండి మూడవది చింతపండు, దాని ప్రక్కది మిరపపొడి, క్రింది యరలో మూలనున్నది ఉప్పు. చేయి చాచినచో కావలసినది చేతికి వచ్చెడిది. నలువదియేండ్లుగా తాము సర్దుకొన్న వరుస యది. అద్దెయింట అరలు వేరు, వరుస వేరు. నెల తిరుగకమునుపే ఆమె వంటింటికి వచ్చుట తగ్గించి వాకిట కుర్చీ వేసికొని కూర్చుండసాగిరి. "ఏమత్తమ్మా, ఇక్కడ కూర్చున్నారు?" అని యడిగినచో, "నాకేముంది లే అమ్మాయీ పని" అనెడివారు. ఏబదియేండ్లు పొయ్యి విడువని మనిషి నోట ఆ మాట వినుటకు మాకు బాగుగ నుండలేదు.

ఒకనాడు ఉదయమున వెనుక వసారాలోని యరలో ఆమె యొక డబ్బా మూత తీసి, అందలి పిండిని వ్రేల నద్ది నాలుకపై నుంచుకొనబోవుచుండగా మా చిన్నది చూచి చేయి పట్టుకొన్నది. అది ముగ్గుపిండి. ఆమె వెదకుచున్నది బియ్యప్పిండి. ముగ్గుపిండి రాతిపొడి యని మనకు తెలియును. కాని మసకచూపునకు రెండును ఒక్క తెలుపే. అప్పుడు విచారింపగా, ఏది యేమిటో రుచి చూచి గుర్తుపట్టుట ఆమెకు కొంతకాలముగా అలవాటైనదని తేలినది. తెల్లని పొడులు మన యిండ్లలో ఎన్ని లేవు! ఉప్పుపొడి, పంచదార, వంటసోడా, పటిక, బట్టల సబ్బుపొడి, బొద్దింకల మందు, మురికి తూములలో పోయు కాస్టికు సోడా. ఈ కడపటిది నాలుకకు తగిలినచో నోరు కాలిపోవును. ఆనాడే దానిని తీసి తాళములో పెట్టితిమి. కాని యిల్లంతయు తాళములో పెట్టలేము గదా. ఆమె తెలుగు చక్కగా చదువుదురు. అక్షరము అంగుళమంత యుండి, దగ్గరగా పట్టుకొన్నచో ఇప్పటికిని చదువగలరు. కావున పేరే శరణ్యమని తోచినది.

అంగడిలో దొరకు పేళ్ల పట్టీలు చూచితిమి. అక్షరములు సన్నములు, భాష యింగ్లీషు, అందమునకై లేత బంగారువన్నె సిరా. అవి కండ్లు బాగున్నవారికే పనికివచ్చును; వారికి గాజుసీసా వెలుపలినుండియే పప్పు కనబడును గనుక పేరు అక్కరయే లేదు! కాగితముపై వ్రాసి పైన పారదర్శకమైన టేపు వేయుట అందరెరిగినదే. వంటింటి యావిరికి ఆ టేపు అంచులు పసుపుబారి లేచును. లోని కాగితము తడిసి ఉబ్బును. మా యింటివారికి ప్రశ్నపత్రములు తీసికొనుటకై కొన్న ఇంకుట్యాంకు ప్రింటరు ఇంట నున్నది. దానితో వినైలు రేకుపై అచ్చు వేయవచ్చునని వారు చెప్పగా, ఆ రేకులు ఒక కట్ట తెప్పించితిమి.

వినైలు అనగా పాలీవినైల్ క్లోరైడు, పైపుల కంపెనీల పుణ్యమా అని మనకు పరిచితమైన పీవీసీయే. 1872లో బౌమన్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు ఎండకు పెట్టిన సీసాలో తెల్లని గట్టి పదార్థముగా దీనిని కనుగొనెను. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ దానిని మెత్తపరచు మార్గము కనిపెట్టినందున వంగెడి రేకులు సాధ్యమైనవి. వెనుక జిగురుతో వచ్చు పేళ్ల పట్టీలను యంత్రముపై తయారుచేయుట 1935లో స్టాంటన్ ఏవరీ మొదలిడెను. ఇక మన చేతికి వచ్చు రేకులో నాలుగు పొరలుండును: పైన సిరా పీల్చుకొను సన్నని పూత, దాని క్రింద వినైలు, ఆ వెనుక జిగురు, అడుగున ఒలిచి పారవేయు నున్నని కాగితము. వినైలు నీటిసిరాను తాగదు. ఆ పైపూతయే తాగును. అందుచేత మామూలు వినైలు అంటుకాగితమును కొని ప్రింటరులో పెట్టిన సిరా జారి చేతికంటును. కొనునపుడు ఇంకుజెట్టునకా, లేజరునకా యని తప్పక యడుగవలెను. లేజరు యంత్రము పొడిసిరాను సుమారు 200 డిగ్రీల వేడిమితో కరగించి యంటించును. వినైలు 80 డిగ్రీల ప్రాంతముననే మెత్తబడును. ఇంకుజెట్టు రేకును లేజరులో నుంచినచో రేకు కరగి యంత్రము లోపల అంటుకొని పాడగును.

అక్షరముల రూపమును గూర్చి కొంచెము చెప్పవలెను. కంప్యూటరునకు ఉచితముగా దొరకు తెలుగు లిపులలో కొన్నిటికి అష్టదిగ్గజముల పేళ్లున్నవని మా యింటివారు చూపిరి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర! చిన్ననాట తండ్రిగారియొద్ద మనుచరిత్రమును, పారిజాతాపహరణమును పాఠము చెప్పించుకొన్న మాకు, ఉప్పుడబ్బాపై ఏ కవిని కూర్చుండబెట్టుదమా యని తర్కించుట మిక్కిలి నవ్వు తెప్పించినది. అందమునకు దేనికదే సాటి. కాని చూపు తక్కువవారికి అందముకంటె గీత లావు ముఖ్యము గనుక లావు గీతల రామభద్రునే యెన్నుకొంటిమి. లావు లిపికి ఒక చిక్కు గలదు. అక్షరము చిన్నదైనచో సిరా నిండి సందులు పూడుకొనిపోవును. మన 'ప'కును 'వ'కును భేదము పైనున్న సందే కదా! అది పూడినచో 'ప' కాస్త 'వ' యగును. వత్తులకు చోటు చాలక క్రిందిగీతను తాకినను చదువుట కష్టము. కావున పెద్ద యక్షరములు వేసి, వత్తులక్రింద ధారాళముగ చోటు విడిచితిమి. ఒక్కొక్క పేరు 90 మిల్లీమీటర్ల వెడల్పు, 60 మిల్లీమీటర్ల యెత్తు. ఏ4 రేకు 210కి 297 మిల్లీమీటర్లు గనుక రేకునకు ఎనిమిది పేళ్లు వచ్చినవి. నలువది డబ్బాలకు అయిదు రేకులు సరిపోయినవి. తినువస్తువులకు తెలుపుపై నలుపు, తినరానివానికి పసుపుపై నలుపు. పూలు, తీగెలు వేయవలెనని మా చిన్నది పట్టుపట్టినది. దాని నీళ్లసీసాకు, టిఫిను డబ్బాకు దాని పేరు చుట్టు నెమళ్లే వేసితిమి. అత్తగారి డబ్బాలకు మాత్రము ఒక్క చుక్కయైన అధికముగ వేయలేదు. మసకచూపునకు అలంకారము కూడ అక్షరమువలెనే కనబడి తికమక పెట్టును.

పేళ్ల మాటలు నిర్ణయించుటలో ఒక చిన్న సభయే జరిగినది. మా పుట్టినిల్లు కోనసీమ. మేము కందిపప్పు, పంచదార, వేరుసెనగగుళ్లు అని జాబితా వ్రాసి వినిపించితిమి. అత్తగారు విని, "అవి నీ డబ్బాలా, నా డబ్బాలా?" అనిరి. వారికి కందిబేడలు, చక్కెర, చెనిక్కాయ విత్తనాలు. మా యింటివారు పాఠ్యపుస్తకములోని మాటలే వేయుట ఉచితమనిరి. మేమాలోచించితిమి. సగము కనబడు అక్షరమును మనస్సు మిగిలిన సగము ఊహించి పూరించుకొనును. ఊహకు అందునది తన నోటి మాటయే. కావున అత్తగారి మాటలే గెలిచినవి. కోనసీమనుండి వచ్చు మా చెల్లెలు ఆ డబ్బాలు చూచి 'బేడలేమిటక్కా' యని నవ్వినది, నవ్విన నవ్వనిమ్ము.

ముద్రణకు ముందు సాదా కాగితముపై ఒకసారి అచ్చు వేసి, దానిని డబ్బాపై పట్టి చూచితిమి. తరువాత రేకులను ఒక్కొక్కటిగా పెట్టవలెను. రెండు మూడు ఒక్కమారు పెట్టినచో జిగురు వెనుకనున్న నునుపువలన కలిసి పోవును. ప్రింటరులో కాగితపు రకము దళసరిదని యెన్నుకొనవలెను. సిరాలు రెండు జాతులు. నీటిలో పూర్తిగా కరగు రంగు డై. కరగక రేణువులుగా నుండునది పిగ్మెంటు. డై తడికి పారును, ఎండకు వెలియును. పిగ్మెంటు నిలుకడ గలది. కొన్ని యంత్రములలో నలుపు మాత్రము పిగ్మెంటు, మిగిలిన రంగులు డై. మాది యట్టిది. తెలిసికొనుటకై మూడు తునకలు ఒక స్టీలుచెంబునకు అంటించి వారము దినములు అంట్లతో గూడ తోమించితిమి: టేపు వేసిన కాగితము, పైపొర లేని వినైలు, పైపొర వేసిన వినైలు. మొదటిది రెండవనాటికే ఉబ్బినది. రెండవదానిపై నలుపు నిలిచినది గాని పసుపు వెలిసి అంచులకు పారినది. మూడవది మొదటినాటివలెనే యుండెను.

ఈ మూడవదానిలోనే యున్నది కీలకమంతయు. తాటియాకుపై పెద్దలు గంటముతో వ్రాసి, ఆ గీతలలో మసియు నూనెయు పట్టించి పైన తుడిచెడివారు. పైనున్న మసి పోయి, గీతలో దిగిన మసి మిగిలెడిది. చేయి తగులని లోతున నున్నది కనుకనే యా యక్షరము నిలుచును. వినైలుపై మన అక్షరము లోపలికి దిగదు గావున, దానిపై మరియొక పొర కప్పి చేయి తగులనీయకుండ చేయవలెను. దీనికి లామినేషను పొర యను పారదర్శకమైన అంటురేకు దొరకును. వేడితో అంటించునది మనకు వద్దు. చేతితో అంటించు చల్లనిదే కావలెను. అందులోను మెరయునది, మెరయనిది అని రెండు. అందరు మెరయునది కొందురు. చూపు తక్కువవారికి మెరయని మ్యాటు పొరయే మేలు. మెరయుదానిపై ట్యూబులైటు వెలుగు పడి అక్షరమును మింగివేయును. ముద్రించిన రేకును ఒక పగలు, ఒక రాత్రి ఆరనిచ్చిన పిదపనే పొర కప్పవలెను. సిరాలోని తేమ లోపల చిక్కుకొన్నచో పొర బుడగలెత్తి లేచును.

పొర వేయుటలో రెండు మార్గములు. రేకంతటికి పొర వేసి తరువాత పేళ్లు కత్తిరించుట సులభము. కాని కత్తిరించిన అంచు నీటికి తెరచియుండును. మేము అనుసరించినది రెండవది. పేళ్లను ముందు కత్తిరించి, మూలలను గుండ్రముగ చేసి (చదరపు మూల వ్రేలికి తగిలి ముందుగా లేచును), డబ్బాకంటించి, దానికంటె నలువైపుల మూడేసి మిల్లీమీటర్లు పెద్దదైన పొరను పైన వేసితిమి. పొర అంచు నేరుగా డబ్బాకే పట్టుకొనును గనుక నీరు లోనికి దూరుటకు సందు లేదు. పని ఎక్కువ, నిలుకడయు ఎక్కువ. పాత ఏటీఎం కార్డునకు మెత్తనిగుడ్డ చుట్టి, నడుమనుండి అంచులకు ఒత్తుచు పోయినచో గాలిబుడగలు నిలువవు. ఈ జిగురు ఒత్తిడితో పట్టునది. పైపైన తాకించి విడిచినచో పట్టదు.

అంటించు చోటును గూర్చి ఎంత చెప్పినను చాలదు. వంటింటి డబ్బాపై కంటికి కనబడని నూనెజిడ్డు ఎప్పుడును ఉండును. సబ్బుతో కడిగి, ఆరిన తరువాత మందులషాపులో దొరకు సర్జికల్ స్పిరిటుతో తుడిచి, అది ఆరిన పిదప అంటించవలెను. స్పిరిటు మంటనంటుకొనును, పొయ్యి ఆర్పి పనిచేయుట మంచిది. స్టీలు, గాజు, పింగాణీ ఈ జిగురును చక్కగా పట్టును. ప్లాస్టిక్కులలో భేదములున్నవి. డబ్బా అడుగున త్రికోణములో అంకె యుండును. 1 యైనచో చింత లేదు. 2, 4, 5 అంకెలవి జిడ్డు లేకున్నను జిగురును పట్టనీయవు, అది వాని జాతిగుణము. మా డబ్బాలలో పండ్రెండు 5 అంకెవే. వానికి పైపొరను డబ్బా చుట్టును పట్టీగా తిప్పి, కొసను మొదటిపై ఎక్కించి అంటించితిమి. డబ్బాకు పట్టకపోయినను పొర పొరకు పట్టును గదా! అంటించిన మూడు దినములవరకు తడి తగులనీయరాదు. జిగురు నానాటికి బలపడును.

కొన్నిచోట్ల ఇవి వలదు. పొయ్యిపై నుంచు పాత్రకుగాని, మైక్రోవేవులో పెట్టుదానికిగాని అంటించరాదు. పొయ్యికి మూరెడు దూరములోపలి డబ్బాలపై మా ప్రొద్దుటూరి యెండకాలములో జిగురు మెత్తబడి పేరు జారును. పాత్ర లోపలి ప్రక్కను అన్నము తగులుచోట వేయనే వేయరాదు. అన్నిటికంటె ముఖ్యము: కత్తిరింపులను పొయ్యిలోనో, స్నానపు నీళ్లు కాచు కట్టెల పొయ్యిలోనో వేయకుడు. వినైలు కాలినచో ఊపిరితిత్తులను మండించు హైడ్రోజన్ క్లోరైడు పొగ వచ్చును. కాగితపు చెత్తవలె కనబడుటచే పనిమనిషి గాని పిల్లలుగాని మంటలో వేయుదురు, ముందుగా చెప్పియుంచవలెను. మందులసీసాలపై అంటించునపుడు మందు పేరును, గడువు తేదీని కప్పరాదు. మేము మాత్రల పట్టీలను ముట్టక, వానినుంచు రెండు డబ్బాలకే 'పొద్దున', 'రాత్రి' అని పెద్ద యక్షరములు వేసితిమి.

ప్రతివస్తువునకు ప్లాస్టిక్కు పేరు పెట్టుట మాకును సమ్మతము కాదు. వినైలు మట్టిలో కలియునది కాదు. నెలకొకసారి సరుకు మారు డబ్బాకు సుద్దముక్కతో వ్రాసిన పలకముక్క చాలును. ఏడాది పొడుగున అదే సరుకుండు డబ్బాలకును, పొరబాటు జరుగరాని సీసాలకును మాత్రమే ఇంత శ్రమ తగును. తీయవలసినప్పుడు వేడినీటిలో పిండిన గుడ్డను కొంతసేపు కప్పియుంచి, మూల పట్టి మెల్లగా ఒలిచినచో వచ్చును. మిగిలిన జిగురునకు కొబ్బరినూనె రాచి, పావుగంట ఆగి తుడిచి సబ్బుతో కడుగవలెను.

నలువది డబ్బాలు ముగించునప్పటికి మాకు మూడు ఆదివారములు పట్టినవి. నాలుగవ వారమున అత్తగారు తామే వచ్చి, ఒక్కొక్క డబ్బాను ముఖమునకు దగ్గరగా తెచ్చుకొని చదివి, ప్రక్కకు పెట్టుచు వచ్చిరి. వరుస మరల మార్చిరి. చింతపండు పై యరలో ఎడమనుండి మూడవదైనది. మేమేమియు అనలేదు. ఆ వారములోనే చెక్కలు చేసిరి. పిండి ఎవరినిగాని అడుగలేదు.

ఇంక ఊరగాయ జాడీలు మిగిలియున్నవి. వానిపై పేరుతో గూడ సంవత్సరమును, ఏ చెట్టు కాయయో అదియు వేయవలెనని వారు చెప్పుచున్నారు. పింగాణీ నున్ననిది గనుక అంటుటకు అడ్డు లేదు. నూనె కారిన మెడ దగ్గర మాత్రము స్పిరిటుతో రెండుమారులు తుడువవలెను.